ఫ్లాష్ కొనండి, ఈఎంఐలో మాత్రం వద్దు

ప్రశ్న: కడపలో మొబైల్ షాపులో పనిచేస్తాను. జీతం 15 వేలు, ఖర్చు 9 వేలు, బ్యాంకులో 22 వేలున్నాయి. నా దగ్గర కెనాన్ 200డి మార్క్ 2 కెమెరా ఉంది. తెలిసినవాళ్ల పుట్టినరోజులకు, ఓణీల ఫంక్షన్లకు ఫొటోలు తీస్తే 1,500 ఇస్తున్నారు. ఫ్లాష్ అడిగితే వెలుగు మనమే సెట్ చేసుకోవాల్సిన మాన్యువల్‌ది 5,500, వెలుగు కెమెరానే చూసుకునే టీటీఎల్‌ది (సెల్స్‌తో నడిచేది) 9,500, లిథియం బ్యాటరీది 17 వేలు చెప్పారు. మూడోది నో కాస్ట్ ఈఎంఐలో తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మధ్యలోది సొంత డబ్బుతో కొనుక్కోండి.

పొదుపు గురించి చెప్పాల్సినవాణ్ణి చవకది వద్దంటున్నానేంటి అనుకుంటారేమో, ఒక్కసారి మీ కెమెరా పైన ఫ్లాష్ తగిలించే చోటు చూడండి. చాలా కెమెరాల్లో అక్కడ నడిమధ్య గుండ్రటి కాంటాక్ట్ ఒకటి ఉంటుంది, మామూలు మాన్యువల్ ఫ్లాష్ వెలిగేది దానితోనే. మీ మోడల్లో కెనాన్ దాన్ని తీసేసింది. అంటే 5,500 పోసి తెచ్చి తగిలించినా క్లిక్ కొడితే అది వెలగదు. కెనాన్ కోసం చేసిన టీటీఎల్ ఫ్లాష్ అయితే పక్కనున్న చిన్న కాంటాక్టులతో పనిచేస్తుంది, పైగా వెలుగు ఎంత కావాలో కెమెరానే లెక్క కట్టుకుంటుంది కాబట్టి కొత్తవాళ్లకు టెన్షన్ తక్కువ.

ఇక 17 వేలది. మంచిదే, కాదనను. ఫుల్ పవర్‌లో కొట్టాక ఒకటిన్నర సెకనులో మళ్లీ సిద్ధమవుతుంది, సెల్స్‌తో నడిచేది రెండు మూడు సెకన్లు తీసుకుంటుంది. రోజూ పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఆ తేడా డబ్బే, మీకు ఇంకా కాదు. డబ్బా మీద గైడ్ నంబర్ (ఫ్లాష్ శక్తిని చెప్పే అంకె) 60 అని చూసి మురిసిపోకండి, అది 200 ఎంఎం జూమ్ దగ్గర లెక్క. ఫ్లాష్ తల పైకీ పక్కలకూ తిరుగుతుందా అనేది ముఖ్యం, ఇంట్లో తెల్లటి స్లాబు వైపు తిప్పి కొడితే మొహాలు మెరవవు, వెనక గోడ మీద నల్లటి నీడ పడదు. రంగుల షామియానా కింద మాత్రం పైకి కొట్టొద్దు, ఆ రంగంతా మొహాల మీదికి దిగుతుంది.

ఈఎంఐ సంగతి. 12 నెలలకు నెలకు 1,417, అంటే దాదాపు ఒక ఫంక్షన్ డబ్బు. ఆషాఢమనీ మూఢమనీ ఓణీలు, గృహప్రవేశాలు ఆగిపోతాయి గానీ ఈఎంఐ ఆగదు కదా. పైగా నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు, దాన్ని డిస్కౌంట్‌గా సర్దుతారంతే, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు కార్డు బిల్లులో వేరేగా వస్తాయి. ఒక్క నెల తప్పిందంటే ఇక చెప్పక్కర్లేదు.

9,500కి తోడు రీచార్జ్ సెల్స్ రెండు సెట్లు, మంచి చార్జర్‌కు ఓ రెండున్నర వేలు పక్కన పెట్టండి. మొత్తం 12 వేలు పోగా బ్యాంకులో 10 వేలు ఉంటాయి, మీ నెల ఖర్చు కంటే కాస్త ఎక్కువ, దాన్ని ముట్టుకోవద్దు. ఎనిమిది ఫంక్షన్ల డబ్బు తిరిగి అకౌంట్లో పడేదాకా ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే ట్రిగ్గరు, వెలుగును మెత్తబరిచే గొడుగు, సాఫ్ట్‌బాక్స్ లాంటివేవీ కొనకండి.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వరసగా పది ఫుల్ పవర్ ఫ్లాషులు కొట్టించి చూడండి. రీలు కెమెరాల కాలం నాటివి ఊరికే ఇచ్చినా తగిలించొద్దు, కొన్నింటి వోల్టేజీకి డిజిటల్ కెమెరా దెబ్బతింటుంది. కొత్తదైనా సరే, షాపుకు మీ కెమెరా తీసుకెళ్లి అక్కడే తగిలించి, వెలిగాకే డబ్బులివ్వండి, మీ పేరు మీద బిల్లు తీసుకోండి.