గ్లాసు అందుకునే చేతికి దారి ఎవరు చెబుతారు?
బల్ల మీది గ్లాసు కోసం చెయ్యి చాపేటప్పుడు దారి ముందే నిర్ణయమవుతుందా అని అడిగారు. చాలావరకు అవును. గ్లాసు ఎక్కడుంది, చెయ్యి ఎక్కడుంది అన్న లెక్క మెదడు పైభాగంలో వెనకవైపు ఉండే పెరైటల్ కార్టెక్స్‌లో తేలుతుంది. కదలికలను నడిపే మెదడు భాగమైన మోటార్ కార్టెక్స్ నుంచి వెన్నుపాము ద్వారా కండరాలకు ఆజ్ఞ వెళ్తుంది.

నన్ను ఇప్పటికీ అబ్బురపరిచేది ఆ దారి తీరు. 1981లో మొరాసో అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాల్లో భుజం, మోచేయి రకరకాలుగా తిరిగినా, చెయ్యి మాత్రం దాదాపు తిన్నగానే వెళ్లింది. అంటే మెదడు ప్లాన్ వేసేది కీళ్లకు కాదు, చేతి దారికే అనిపిస్తుంది.

ఈసారి గమనించండి: గ్లాసును తాకకముందే వేళ్లు దాని వెడల్పు కంటే కాస్త ఎక్కువగా విచ్చుకుంటాయి. కంటి కబురు ఆలస్యంగా అందుతుంది కాబట్టి, చెయ్యి ఎక్కడికి చేరిందో చిన్నమెదడు ముందే అంచనా కడుతుంది. అది దెబ్బతిన్నవాళ్ల చెయ్యి గ్లాసును దాటిపోతుంది, లేదా ముందే ఆగిపోతుంది.