ద్విభాషా కవితా సంపుటికి ఆరిగీ ఇటాలిక్ సరిపోతుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. తెలుగు కవితలకు ఎదురు పేజీలో వచ్చే ఇంగ్లిష్ అనువాదాలను మొత్తంగా సెంటార్ అనే ఇంగ్లిష్ ఫాంట్ ఇటాలిక్‌లో, అంటే చేతిరాత తరహాలో కాస్త వాలి ఉండే దాని జత అక్షరంలో, కూర్చవచ్చా అన్నది మొదటిది. అలా కూర్చితే తెలుగును కూడా దానికి తగ్గట్టు వాల్చాలా అన్నది రెండోది. మొదటిది నిశ్చింతగా చేయవచ్చు, రెండోది మాత్రం వద్దు. హైదరాబాదులో పుస్తకాల లేఅవుట్ పని చేస్తూ ఇటువంటి సంపుటాలు కూర్చినవాణ్ని కనుక కారణాలు వివరంగా రాస్తున్నాను.

సెంటార్‌కు జతగా దొరికే ఇటాలిక్ అసలు పేరు ఆరిగీ. 1470లో వెనిస్‌లో ముద్రాపకుడు నికొలా జెన్సన్ వాడిన అచ్చక్షరాలను ఆధారం చేసుకొని బ్రూస్ రోజర్స్ అనే అమెరికన్ సెంటార్ నిటారు అక్షరాన్ని గీశారు. ఆరిగీ కథ వేరు. రోమ్‌లో పోప్ కార్యాలయంలో లేఖకుడుగా పనిచేసి, 1522లో చేతిరాత నేర్పే పుస్తకాన్ని తెచ్చి, ఆ తరువాత తానే ముద్రాపకుడైన లుడోవికో దెలీ ఆరిగీ అక్షరాలను చూసి ఫ్రెడరిక్ వార్డ్ 1925లో దీన్ని రూపొందించారు. 1929లో అచ్చక్షరాలు తయారుచేసే మోనోటైప్ సంస్థ రెండింటినీ ఒక జంటగా విడుదల చేసేవరకు ఇవి వేరువేరు అక్షరాలే. ఆరిగీ తొలిసారి అచ్చయింది కూడా ఇంగ్లిష్ కవి రాబర్ట్ బ్రిడ్జెస్ కవితా సంపుటిలోనే, అదీ పుస్తకం పొడుగునా. అంతకు చాలా ముందు, 1501లో, వెనిస్‌లో ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను ఫ్రాంచెస్కో గ్రిఫో చెక్కిన ఇటాలిక్‌లో మొత్తంగా అచ్చువేశారు. ఒక మాటను నొక్కి చెప్పడానికి ఇటాలిక్ వాడే అలవాటు తరువాత వచ్చింది. కనుక మీ ఆలోచన వింత ప్రయోగమేమీ కాదు, ఆ అక్షరానికి మొదటినుంచీ ఉన్న పనే.

దాని అందం వాలులో ఉందని చాలామంది అనుకుంటారు గాని, ఆరిగీ వాలు చాలా తక్కువ. స్మాల్ ‘ఎన్’ను పెద్దది చేసి చూడండి. నిటారు అక్షరంలో రెండో కాలు మొదటి కాలి పైకొస నుంచి పుడుతుంది. ఇక్కడ కలం ఎత్తకుండా రాసినట్టు, మొదటి కాలి అడుగుదాకా దిగి అక్కడి నుంచే పైకి లేచి, సన్నని కమానుగా తిరిగి కిందికి వస్తుంది. అక్షరాలు ఇరుకుగా, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉంటాయి కాబట్టి పొడవైన పాదం కూడా విరగకుండా ఒకే వరుసలో ఇముడుతుంది. కవిత్వానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో వచ్చే సెంటార్‌లో నిటారు అక్షరం ఒక్కటే ఉంటుంది. దాని మీద ఇటాలిక్ బటన్ నొక్కితే వర్డ్ ఆ అక్షరాన్నే పక్కకు వంచి చూపిస్తుంది. పైన చెప్పిన కమాను అందులో కనిపించదు. కాబట్టి అసలైన ఇటాలిక్‌ను కొనుక్కోవాలి. బడ్జెట్ లేకపోతే ఈబీ గారమండ్ ఇటాలిక్ ఉచితంగా దొరుకుతుంది. పదహారో శతాబ్దపు ఫ్రెంచి అక్షరశిల్పి రొబేర్ గ్రాన్‌జాన్ ఇటాలిక్ దానికి మూలం. ఆరిగీ కన్నా కొంత చురుకైనదైనా చదవడానికి హాయిగా ఉంటుంది. ఆరిగీ డిజిటల్ రూపం బాగా సన్నగా ఉండటం వల్ల మెరిసే ఆర్ట్ పేపర్ మీద పాలిపోయినట్టు కనిపిస్తుంది. మెరుపు లేని నేచురల్ షేడ్ మ్యాప్‌లిథో కాగితం తీసుకోండి. సిరా కాస్త పీల్చుకొని గీతకు కొంత మందం వస్తుంది. స్మాల్ లెటర్స్ ఎత్తు కూడా తక్కువే కాబట్టి పక్క పేజీలోని తెలుగుకు దీటుగా కనిపించేదాకా సైజు పెంచి, ప్రూఫ్ కాగితం మీద చూసి నిర్ణయించుకోవాలి. స్క్రీన్‌ను నమ్మవద్దు.

ఇక తెలుగు సంగతి. మన లిపికి ఇటాలిక్ అనే రెండో చేతిరాత సంప్రదాయం లేదు, కాబట్టి సాఫ్ట్‌వేర్ చేసేది కేవలం వంచడమే. ఒక కవి పట్టుబడితే అదే పేజీని వాల్చి ఒకసారి, నిటారుగా ఒకసారి ప్రూఫ్ తీసి పక్కపక్కన పెట్టాను. ‘స్త్రీ’ అన్న ఒక్క మాట చాలింది. పైనున్న గుడిదీర్ఘం కుడివైపుకు జరిగింది, కిందనున్న వత్తులు ఎడమవైపుకు జరిగి ముందున్న అక్షరం కిందికి పోయాయి. అసలే ఏటవాలుగా లేచే తలకట్టు ఇంకా పడుకుపోయి, గుండ్రని అక్షరాలన్నీ కోడిగుడ్ల ఆకారానికి సాగాయి. రెండు ప్రూఫులూ చూశాక ఆయన నిటారు పేజీనే ఎంచుకున్నారు. తెలుగులో ఒక మాటను వేరుచేసి చూపాలంటే ఒంటి కొటేషన్ గుర్తులు గాని, కొంచెం బరువైన అక్షరం గాని సరిపోతుంది.

తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లిష్ పేరు ఇటాలిక్‌లో వచ్చిన చోట్ల మాత్రం కళ్లు పెట్టి చూడండి. మాట చివర ‘ఎఫ్’ ఉంటే దాని కొక్కెం కుడివైపుకు చాచుకొని, తరువాత వచ్చే బ్రాకెట్‌నో కొటేషన్ గుర్తునో తాకుతుంది. అక్కడ సన్నని ఖాళీ ఒకటి చేత్తో చేర్చాల్సిందే. అలంకారపు కాపిటల్స్ కూడా ఆ ఫాంట్‌లో దొరుకుతాయి గాని, వాటిని కవిత శీర్షికలో మొదటి అక్షరానికే పరిమితం చేయండి. శీర్షిక మొత్తం వాటితో కూర్చితే ఆ తీగలు ఒకదానికొకటి చిక్కుకొని పేరే చదవలేం.