తుపాను ముందు తాడు, గోతం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. పర్లాకిమిడిలో కొత్తగా వేసిన పశువుల శాల రేకులు గాలికి లేవకుండా ఏ తాడుతో కట్టాలని అడిగావు. తాడు ఒక్కటే చాలదు, గోతాలూ కావాలి. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. కాబట్టి వినాయక చవితి వెళ్ళగానే ఈ పని ముగించు. హెచ్చరిక వచ్చాక బజారుకు వెళితే మంచి తాడు దొరకదు.

అక్కడి కొట్లో 'దవుడి' (ఒడియాలో తాడు) అని అడిగితే ముందు రంగురంగుల ప్లాస్టిక్ తాడే చూపిస్తారు. చవక, నీళ్ళలో తేలుతుంది, కుళ్ళదు. ఎండకు మాత్రం పెళుసెక్కుతుంది. పాత తాడు పురి విప్పి లోపలి పోగులు చూడు. గోటితో గీకితే పొడి రాలినా, వంచితే విరిగినా దాన్ని బట్టలారేసుకోవడానికి వాడుకో. కప్పుకు 12 మిల్లీమీటర్ల నైలాన్ మేలు. గాలి ఊపుకు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. కానీ తడిస్తే కాస్త వదులవుతుంది, అందుకే వానలో ఒకసారి బిగించాలి. కొబ్బరి పీచు తాడు ముడి బాగా పడుతుంది, ఉప్పునీటికి తట్టుకుంటుంది. బలం తక్కువ గనక కంచెకు, పాదులకు సరి. గోగునార తాడుకు తడే శత్రువు.

తాడు తెగేది ఎక్కువగా రెండు చోట్ల: ముడి దగ్గర, రేకు అంచు దగ్గర. ముడి వేసిన చోట మూడో వంతు నుంచి సగం దాకా బలం పోతుంది. రేకు అంచు మీద తాడు రాత్రంతా ముందుకూ వెనక్కూ రాసుకుంటే రంపం కోసినట్టే. తాడు అంచు దాటే ప్రతిచోటా పాత గోనె పట్టా నాలుగు మడతలు వేసి పెట్టి, పురికొసతో తాడుకే కట్టు. రేకుకు కడితే జారిపోతుంది.

ఇక గుంజ సంగతి. ఇసుక నేలలో మేకు దిగ్గొడితే వాన పడ్డాక చేత్తోనే ఊడి వస్తుంది. అక్కడ గోతాన్నే పాతాలి. శాలకు నాలుగడుగుల దూరంలో, గోడకు సమాంతరంగా, 3 అడుగుల లోతు గొయ్యి తియ్యి. ప్లాస్టిక్ సంచిని గోతిలోనే పెట్టి ఇసుక నిండా నింపు, లేకపోతే ఎత్తలేవు. గోనె అయితే మట్టిలో కుళ్ళిపోతుంది, ప్లాస్టిక్‌కు లోపల ఎండ తగలదు గనక నిలుస్తుంది. మూతి కట్టి, సంచి నడుముకు తాడు రెండు చుట్లు చుట్టి ముడి వెయ్యి. సంచి పొడుగు గోడకు సమాంతరంగా, తాడు దానికి అడ్డంగా ఉండాలి. తాడు పైకి వచ్చే దారిని శాల వైపు ఏటవాలుగా సన్నని గాడిలా తవ్వు. తాడు నిటారుగా వస్తే గాలి లాగినప్పుడు మట్టిని కోసుకుంటూ వంగుతుంది, ఆ మేరకు వదులవుతుంది. మట్టిని జానెడు జానెడు వేస్తూ తొక్కు. ఒకేసారి పోసి పైన తొక్కితే అడుగు గుల్లగానే ఉంటుంది. శాలకు రెండు వైపులా ఇలా చెయ్యి. తుపాను కన్ను మీదుగా దాటితే గాలి కాసేపు ఆగి, ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఒక్క సముద్రం వైపే కట్టినవాళ్ళ రేకులు పోయేది అప్పుడే.

బిగించడం ఇలా. పాతిన తాడు కొసకు ఒక కన్ను, అంటే తాడు దూరే ఉచ్చు, వేసి ఉంచు. కప్పు మీదుగా వచ్చిన తాడుకు నడుము ఎత్తులో జారుముడితో ఇంకో చిన్న కన్ను వెయ్యి. కొసను కింది కంట్లోంచి తీసి, పైకి తెచ్చి, ఆ చిన్న కంట్లోంచి దూర్చి కిందకు లాగు. చేతి బలం రెట్టింపైనట్టు తాడు బిగుస్తుంది. బిగిశాక ఆ చోటే వేళ్ళతో నొక్కిపట్టి, కొసను తాడు చుట్టూ తిప్పి అదే చుట్టులోంచి లాగే సగం ముడి రెండుసార్లు వెయ్యి. తాడు మీద తాడు ఒరుసుకుంటుంది గనక ప్రతిసారీ కన్ను వేసే చోటు జానెడు మార్చు.

గుమ్మం ముందు నీటికి అడ్డం వేసే బస్తాల్లో చాలామంది చేసే తప్పు నిండా నింపడం. ఇసుక బియ్యం కన్నా దాదాపు రెట్టింపు బరువు. 25 కిలోల బియ్యం సంచిలో సగం నింపితే చాలు, మోయగలిగే బరువు, పైగా పరిస్తే ఒదుగుతుంది. నిండు సంచి గుండ్రాయిలా కూర్చుని పక్కన సందు వదులుతుంది. మూతి కట్టకుండా కిందికి మడిచి, మడత నీళ్ళు వచ్చే వైపు ఉండేలా పరిచి కాళ్ళతో తొక్కు. రెండో వరసను ఇటుక కట్టుబడిలా సందుల మీద పెట్టు. ఎత్తుకు మూడింతలు అడుగు వెడల్పు ఉండాలి, కాబట్టి రెండడుగుల ఎత్తుకే ఎన్ని సంచులు పడతాయో ముందే లెక్కవేసుకో.

ధాన్యం బస్తాలు కుట్టేటప్పుడు దబ్బనంతో మూతి మొత్తం కుట్టెయ్యకు. రెండు మూలలా గుప్పెడు గింజలు ఉంచి పురికొసతో బిగించి చెవులు తియ్యి. అర్ధరాత్రి అటక మీదికి ఎక్కించాలంటే పట్టు దొరికేది ఆ చెవులే. ఎరువుల సంచుల్లో గింజలు పొయ్యకు, ఎంత కడిగినా.

నైలాన్ కొసలు నిప్పుతో కరిగించి అతికించేటప్పుడు బొట్టు చేతి మీద పడితే తోలుతో సహా వస్తుంది, తడిగుడ్డ దగ్గర పెట్టుకో. గాలి తగ్గాక తాళ్ళు మంచినీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి, మేకుకు చుట్టగా వేలాడదియ్యి. ఎలుకలు తిరిగే మూలన మాత్రం పెట్టకు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మావయ్య
ఇచ్ఛాపురం