వైన్ సీసాల మీద అచ్చు: ప్రీప్రెస్ ఉద్యోగానికి ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో అప్లైడ్ ఆర్ట్‌లో బీఎఫ్‌ఏ చివరి సంవత్సరం చదువుతోంది. వైన్ సీసాల మీద నేరుగా స్క్రీన్ ప్రింటింగ్ చేసే సంస్థ ఒకటి ప్రీప్రెస్ ఆర్టిస్టు (డిజైన్ ఫైళ్లను అచ్చుకు సిద్ధం చేసే మనిషి) ఉద్యోగానికి పిలిచింది. ఒక డిజైన్ ఇచ్చి, దాన్ని అచ్చుకు సిద్ధం చేసి తెమ్మంది. తను ఇంతవరకు కాగితపు లేబుళ్లే చేసింది. ఏం నేర్చుకోవాలి? ఈ రంగంలో భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: భవిష్యత్తు సంగతి తర్వాత చూద్దాం. ముందు పరీక్ష గట్టెక్కాలి కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

కాగితపు లేబుళ్లు చేసినవారు మొదట తడబడేది రంగుల దగ్గర. కాగితం మీద నాలుగు రంగుల చుక్కలు కలిసి వేల ఛాయలు చూపిస్తాయి. గాజు మీద సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. స్క్రీన్ అంటే చట్రానికి బిగించిన సన్నని జల్లెడ లాంటి మెష్. దానికి ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత) పూసి, డిజైన్‌ను నల్లగా ముద్రించిన పారదర్శక ఫిల్మును దాని మీద ఉంచి వెలుతురు సోకిస్తే, ఫిల్ములో నల్లగా ఉన్నంత మేర ఎమల్షన్ గట్టిపడకుండా నీళ్లతో కొట్టుకుపోతుంది. ఆ దారిలోంచే స్క్వీజీ (రబ్బరు అంచున్న పట్టీ) ఇంకును సీసా మీదకు నెడుతుంది. సిరామిక్ ఇంకు (గాజుపొడి కలిసిన రంగు) వాడితే, ఆ తర్వాత సీసాను సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. రంగు గాజులో భాగమైపోతుంది. వాపసు తీసుకునే కూల్‌డ్రింక్ సీసాల మీద అక్షరాలు ఎన్నిసార్లు కడిగినా పోకపోవడానికి కారణం ఇదే. తప్పు అచ్చయినా అంతే గట్టిగా నిలుస్తుంది, గీకి తీయడం కుదరదు. సంస్థ మీ అమ్మాయి ఫైలులో అందం కన్నా జాగ్రత్తనే ఎక్కువగా చూస్తుందని అందుకే చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఆమె సంస్థను రెండు అడగాలి: సీసా కొలతల డ్రాయింగు, వీలైతే ఒక ఖాళీ సీసా. 75 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న సీసా చుట్టుకొలత సుమారు 235.6 మిల్లీమీటర్లు. అయినా అంత వెడల్పునా అచ్చు వేయలేరు, మొదలూ చివరా కలిసేచోట కొంత ఖాళీ వదలాలి. నిలువుగా చూస్తే, గోడ తిన్నగా ఉన్నంత మేరకే అచ్చు చక్కగా పడుతుంది. భుజం వంపు, అడుగు వంపు మొదలయ్యే చోటుకు కాస్త ఇవతలే ఆపాలి. నిటారు భుజాలున్న బోర్డో సీసాకు ఇది పెద్ద ఇబ్బంది కాదు గానీ, భుజం జారుగా ఉండే బర్గండీ సీసాకు అచ్చు వేయగల ఎత్తు బాగా తగ్గుతుంది. మూసలో తయారైనప్పుడు ఏర్పడే రెండు నిలువు అతుకు గీతలు ఎక్కడ పడుతున్నాయో, సీసాను ప్రతి రంగుకూ ఒకే కోణంలో నిలిపే చిన్న గాటు అడుగున ఉందో లేదో కూడా డ్రాయింగులో చూసుకోవాలి.

ఫైలు మొత్తం వెక్టర్‌లో (ఎంత పెంచినా అంచులు చెదరని గీతల రూపంలో), అసలు సైజులో ఉండాలి. అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చి, మార్చని ప్రతిని విడిగా దాచుకోవాలి. ప్రతి రంగూ పేరున్న స్పాట్ కలర్ (చుక్కలు కలపకుండా విడిగా ఒకే ఇంకుతో వేసే రంగు) అయి ఉండాలి. ఫైలులోని రంగుల జాబితాలో వాడని స్వాచ్‌లను తీసేయాలి. ముదురు ఆకుపచ్చ గాజు మీద లేత రంగులు మసకబారుతాయి కాబట్టి కింద తెల్ల రంగు పొర వేస్తారు. ఆ తెలుపు పైరంగు అంచు దాటి కనబడకుండా దాన్ని చుట్టూ కొద్దిగా, ఒక పావు మిల్లీమీటరు దాకా, లోపలికి కుదించాలి. కచ్చితమైన కొలత యంత్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి సంస్థనే అడగడం మేలు. ఆ ప్రశ్న అడిగిందంటేనే పని తెలిసిన మనిషని వాళ్లకు అర్థమవుతుంది. సన్నని గీతల విషయంలోనూ ఇంతే. రంగు మధ్యలో ఖాళీగా వదిలిన అక్షరాలలోకి ఇంకు పాకుతుంది కాబట్టి వాటిని మామూలు గీతల కన్నా లావుగా ఉంచాలి. డిజైన్‌లో తెలుగు అక్షరాలుంటే మరింత జాగ్రత్త అవసరం: ‘క్ష్మి’ వంటి ఒత్తుల గుంపును చిన్న సైజులో వేస్తే లోపలి ఖాళీలన్నీ పూడిపోయి ఒక మచ్చలా మిగులుతుంది.

ఇక బార్‌కోడ్. కొత్తవారి పనితనం బయటపడేది ఇక్కడే అని నా అభిప్రాయం. స్కానర్ సాధారణంగా ఎర్రటి కాంతితో చదువుతుంది కాబట్టి ఎరుపు బార్లు దానికి తెల్లగానే కనిపిస్తాయి. ముదురు సీసా మీద తెలివైన పద్ధతి ఏమిటంటే, తెల్లటి పలక ఒకటి అచ్చు వేసి బార్ల చోటును ఖాళీగా వదిలేయడం. అప్పుడు ముదురు గాజే నల్ల బార్లుగా పనిచేస్తుంది, ఒక స్క్రీన్ ఖర్చు మిగులుతుంది. ఆ తెలుపు బార్లకు అటూ ఇటూ ఉండాల్సిన ఖాళీ స్థలాన్ని కూడా కప్పాలి. తెలుపు పాకి బార్లు సన్నబడతాయి కాబట్టి వాటిని ముందే కొంచెం వెడల్పు చేసుకోవాలి. మామూలు సైజులో అతి సన్నని బారు 0.33 మిల్లీమీటర్లే. 80 శాతం వరకు తగ్గించడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి గానీ గాజు మీద తగ్గించకపోవడమే క్షేమం. రంగులేని సీసాలో వైట్ వైన్ అయితే ఈ ఉపాయం చెల్లదు. తెలుపు మీద నలుపు వేయాల్సిందే.

పరీక్షకు వెళ్లేముందు ఒక్కో రంగును విడిగా పారదర్శక షీటు మీద అసలు సైజులో ప్రింటు తీయించి, వాటిని ఒకదానిపై ఒకటి సీసాకు చుట్టి చూడమనండి. తెర మీద కనిపించని తప్పులు అక్కడ దొరుకుతాయి. ఖమ్మంలో పెళ్లిపత్రికలు, సంచులు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ దుకాణంలో రెండు రోజులు కూర్చున్నా స్క్రీన్ తయారీ అంతా కళ్లారా చూడవచ్చు. ఫైలుతోపాటు రంగుల వరుస, సీసా అడుగు నుంచి డిజైన్ ఎంత ఎత్తులో మొదలవుతుందో రాసిన ఒక పేజీ కూడా ఇవ్వాలి.

భవిష్యత్తు మాటకొస్తే, వైన్ సీసాలు మాత్రమే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. మన దేశంలో వైన్ తయారీ ఎక్కువగా నాసిక్ చుట్టుపక్కల, కొంత కర్ణాటకలో ఉంది. అయితే అత్తరు, సౌందర్య సాధనాలు, పానీయాల గాజు సీసాలకూ ఇదే విద్య పనికొస్తుంది. హైదరాబాద్, భువనగిరిలలో గాజు సీసాల కర్మాగారాలున్నాయి. గాజు మీద నేరుగా వేసే డిజిటల్ ప్రింటింగ్ కూడా వస్తోంది, దానికి స్క్రీన్లు అక్కర్లేదు. అయినా సీసా వంపు, తెలుపు పొర, బార్‌కోడ్ వంటి లెక్కలు అక్కడా తప్పవు. తర్వాత ప్యాకేజింగ్ వైపు వెళ్లాలనుకుంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కు హైదరాబాద్‌లో కేంద్రం ఉంది.

ఉద్యోగం ఒప్పుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. పాత సిరామిక్ ఇంకులలో సీసం, కాడ్మియం ఉండేవి, కాబట్టి ఆ సంస్థ ఏ ఇంకులు వాడుతోందో అడగండి. రెండోది నా దృష్టిలో జీతం కన్నా ముఖ్యం: మొదటి కొన్ని నెలలు యంత్రం దగ్గర నిలబడి తన ఫైళ్లు అచ్చవడం చూసే వీలుంటుందా? ఉంటుందంటే చేరమనండి. వేరే ఊళ్లోని ఆఫీసులో కూర్చుని ఫైళ్లు పంపడమే పనైతే, మరో అవకాశం కోసం ఆగమనే చెబుతాను.