ట్యాంకును చీల్చే గొట్టం గోడను ఎందుకు కూల్చలేదు?

ప్రశ్న అడిగినవారు కర్నూలులో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. ఆయన సందేహాలు మూడు. మన ఓర్వకల్లు వైపు పరీక్షించారని చెప్పుకునే ట్యాంకు విధ్వంసక క్షిపణీ, పత్రికల్లో వస్తున్న "ఒక్కసారి వాడి పారేసే" లాంచరూ ఒకటేనా? అంత ఖరీదైన వస్తువును ఒక్క దెబ్బకే పారేయడం ఎందుకు? ట్యాంకునే చీల్చగలిగినది ఇంటి గోడను ఎలాగూ కూల్చుతుంది కదా, గోడల కోసం మళ్ళీ వేరే రకం దేనికి?

నాది ఈ జిల్లానే. పదాతిదళంలో పదిహేడేళ్ళు పనిచేసి హవల్దారుగా పదవీ విరమణ పొందాను. అందులో ఆరేళ్ళు మా సెక్షన్‌లో, అంటే పదిమంది సిపాయిల చిన్న దళంలో, 84 మిల్లీమీటర్ల రాకెట్ లాంచర్ నా భుజం మీదే ఉండేది. మేము దాన్ని ఆర్‌ఎల్ అనేవాళ్ళం, స్వీడన్‌వాళ్ళు పెట్టిన పేరు కార్ల్ గుస్తాఫ్. వాడి పారేసే రకం మన బలగాలకు ఎంపికయ్యేనాటికి నేను ఇంటికి వచ్చేశాను కనుక దాన్ని నేను పేల్చలేదు. అయితే రెండింటికీ మూల సూత్రం ఒకటే కాబట్టి, నా చేతితో చూసినది ఇక్కడ పనికివస్తుందనే నమ్మకంతో రాస్తున్నాను.

మొదటి సందేహం తేలికైనది. 2019 సెప్టెంబరు 11న డీఆర్‌డీవో కర్నూలు రేంజిలో పరీక్షించినది మనిషి మోసుకుపోగల గైడెడ్ క్షిపణి. దాన్ని భుజం మీద నుంచి కాక, ముక్కాలిపీట లాంటి ట్రైపాడ్ మీద నుంచి వదిలారు. ట్యాంకును పోలిన లక్ష్యం మీదికి అది పైనుంచి దిగి కొట్టింది. గురి చూసి వదిలితే చాలు, ఆ తరువాత దారి అదే చూసుకుంటుంది. వాడి పారేసే లాంచర్‌కు అటువంటి తెలివి సాధారణంగా ఉండదు. బ్రిటన్, స్వీడన్ కలిసి చేసిన ఎన్‌లా లాంటి ఒకటి రెండు రకాలను మినహాయిస్తే, అది గొట్టంలో ముందే బిగించి ఉన్న ఒక్క గుండు మాత్రమే. గురి అంతా సిపాయి కంటిదీ, ఊపిరిదీ. క్షిపణి దెబ్బ కిలోమీటర్లలో లెక్క అయితే, దీని దెబ్బ రెండు మూడు వందల మీటర్లలో లెక్క.

రెండో సందేహానికి జవాబు బరువులో ఉంది. నేను మోసిన పాత రకం ఆర్‌ఎల్ ఒక్కటే పద్నాలుగు కిలోలు దాటుతుంది, ఒక్కో గుండు మూడు కిలోలకు పైమాట. అందువల్ల పేల్చేవాడు ఒకడు, గుండ్లు మోసి వెనుకనుంచి ఎక్కించేవాడు మరొకడు, ఇద్దరికీ కలిపి నెలల శిక్షణ కావాలి. ఆ ఇద్దరిలో ఒకరు పడిపోతే సెక్షన్ చేతిలోని పెద్ద ఆయుధం మూగబోయినట్టే. ఈ బాధ లేని పాంజర్‌ఫాస్ట్‌ను జర్మనీవాళ్ళు 1943లోనే తెచ్చారు. మొదటి రకం ముప్పై మీటర్లకు మించి పనికిరాకపోయినా, ఎవరి చేతికైనా ఒకటి ఇచ్చి పంపగలిగేవారు. అమెరికా 1960లలో తెచ్చిన ఎం72 సుమారు రెండున్నర కిలోలే తూగుతుంది, గొట్టాన్ని లాగి పొడవు చేసి పేల్చాలి. స్వీడన్ ఏటీ4 ఏడు కిలోల లోపే. అందులో గుండు కర్మాగారంలోనే బిగించి వస్తుంది, గొట్టమే దాని పెట్టె, గొట్టమే దాని తుపాకీ. ఒక్క దెబ్బ తట్టుకుంటే చాలు కాబట్టి గొట్టాన్ని పలుచగా, తేలికగా చేయగలిగారు. వంద దెబ్బలకు నిలబడే ఉక్కు గొట్టాన్ని కొండ ఎక్కించినవాడికి ఆ తేడా విలువ తెలుస్తుంది. పారేసేది ఖాళీ గొట్టాన్నే. దానికి పెట్టిన ఖర్చు సెక్షన్‌లో ప్రతివాడి వీపు మీదా ఒక పెద్ద దెబ్బ ఉండడం కోసం.

దీనికి ఒక నష్టం కూడా ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. ఆర్‌ఎల్ ఉన్నవాడు లక్ష్యాన్ని చూశాక గుండును ఎంచుకుంటాడు. బంకరైతే ఒకటి, వాహనమైతే ఒకటి, చీకట్లో వెలుగు కావాలంటే మరొకటి. వాడి పారేసే రకంలో ఆ ఎంపిక బయలుదేరే ముందు స్టోరు గదిలోనే జరిగిపోతుంది. ట్యాంకు కోసం చేసినదాన్ని వీపుకు వేసుకుని వెళ్ళినవాడికి గోడ ఎదురైతే ఏం చేస్తాడన్నదే మీ మూడో ప్రశ్న, నేను ఎక్కువ చెప్పదలచుకున్నదీ దాని గురించే.

ట్యాంకును కొట్టడానికి చేసిన గుండును ఇక్కడ ట్యాంకు గుండు అంటాను. దాని ముందుభాగంలో పేలుడు మందు గరాటు ఆకారపు గుంట చుట్టూ పోసి ఉంటుంది, ఆ గుంటకు లోపల రాగి తొడుగు ఉంటుంది. మందు పేలగానే ఆ రాగి కుంచించుకుపోయి సన్నని ధారలా ముందుకు దూసుకుపోతుంది. దాని మొన వేగం సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల పైమాటే. అది ఉక్కును కరిగించి దారి చేసుకుంటుందని మా శిక్షణలో కూడా కొందరు చెప్పేవారు, అది పొరపాటు. అంత ఒత్తిడి కింద ఉక్కు గట్టిదనం లెక్కకు రాక, నీటిలా పక్కలకు తప్పుకుంటుంది. ఇరుకైన ట్యాంకు లోపల మనుషులూ, ఇంధనమూ, గుండ్లూ కిక్కిరిసి ఉంటాయి కనుక బొటనవేలంత బెజ్జం పడినా చాలు. గోడ వెనుక ఉన్నది ఖాళీ గది. అక్కడ అదే బెజ్జం వల్ల దారి ఏర్పడదు, గోడ పడదు, ఆ ధారకు ఎదురుగా లేనివాడు బతికిపోనూ వచ్చు.

ఉత్తరాదిలో ఒక ఫైరింగ్ రేంజిలో దీన్ని కళ్ళారా చూశాను. కూలిన పాత మట్టి కట్టడం ఒకటి లక్ష్యంగా ఉండేది. మన పల్లెల్లోని మట్టి మిద్దెల గోడల్లాగే రెండడుగుల మందం. నేను పేల్చిన ట్యాంకు గుండు సరిగ్గా నడిమధ్య తగిలింది. దుమ్ము లేచిన తీరు చూసి గోడ పోయిందనే అనుకున్నాను. అనుమతి వచ్చాక దగ్గరికి వెళ్ళి చూస్తే గోడ నిలిచే ఉంది. ఇటువైపు చేటంత వెడల్పున మట్టి రాలి, నడుమ నా ముంజేయి పట్టేంత బెజ్జం పడింది. అవతలివైపు పెళ్ళలు ఊడి నేల మీద పరుచుకున్నాయి. ఆ బెజ్జంలోంచి మనిషి కాదు, పిల్లి దూరడం కూడా కష్టమే. ఇటుక గోడ పగులుతుంది, రాతి గోడ చిట్లుతుంది. మెత్తని మట్టి గోడ మాత్రం దెబ్బను మింగేస్తుంది.

దీన్ని మన బేతంచెర్ల గనుల్లో పనిచేసినవారికి విడమరచి చెప్పనక్కరలేదు. బండ మీద మందు పెట్టి పేల్చితే చప్పుడూ దుమ్మూ వస్తాయే కానీ బండ కదలదు. ముందు బెజ్జం వేసి, అందులో మందు దట్టించి, పైన మట్టితో మూసి పేల్చితేనే బండ విచ్చుకుంటుంది. గోడల కోసం చేసిన గుండ్లలో ఒక రకం ఈ పనే క్షణంలో చేస్తుంది. 2022 జనవరిలో మన బలగాలు ఎంపిక చేసుకున్నట్టు స్వీడన్‌కు చెందిన సాబ్ సంస్థ ప్రకటించిన ఏటీ4 రకం ఇటువంటిదే. అందులో ఒకదాని వెనుక ఒకటిగా రెండు మందు భాగాలుంటాయి. ముందుది లోతుకు పోకుండా వెడల్పైన దారి తెరుస్తుంది, వెనుకది ఆ దారి వెంట వెళ్ళి పేలుతుంది. బంకరును లోపలినుంచి దెబ్బతీయాలా, గోడలో మనిషి దూరే దారి చేయాలా అన్నదాన్ని బట్టి పేల్చేముందే దాన్ని మార్చుకోవచ్చు. సింగపూర్, ఇజ్రాయెల్, జర్మనీ కలిసి చేసిన మటాడార్‌ది ఇంకో పద్ధతి. దాని ముక్కు దగ్గరి కడ్డీని బయటికి లాగితే అది ట్యాంకు గుండు. లాగకుండా వదిలేస్తే మందు గోడకు ముద్దలా అతుక్కుని పేలి, గోడను పగలగొడుతుంది. కాబట్టి మీ ప్రశ్నకు సూటి జవాబు ఇది: ఉక్కుకు లోతు కావాలి, గోడకు వెడల్పు కావాలి, ఒకే మందు రెండింటినీ పూర్తిగా ఇవ్వలేదు.

ఈ ఆయుధాల గురించి చదివేవారు ముందుకు ఏం పోతుందో చూస్తారు, వెనుకకు ఏం పోతుందో చూడరు. నా భుజానికి పెద్దగా దెబ్బ తగలకపోవడానికి కారణం, వాయువుల్లో ఎక్కువ భాగం వెనుకనుంచి అంతే బలంతో బయటికి కొట్టడమే. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర హవల్దార్ అబ్దుల్ హమీద్ పాకిస్థాన్ ప్యాటన్ ట్యాంకులను కొట్టింది జీపు మీది 106 మిల్లీమీటర్ల ఆర్‌సీఎల్‌తో, అంటే వెనక్కి తన్నని ఫిరంగితో. దానిదీ ఇదే సూత్రం. అంత పెద్ద ఫిరంగిని జీపు మోయగలిగిందంటే ఆ వెనుక మంట వల్లనే. ఆ మంట శత్రువుకు మన చోటు చెబుతుంది, వెనుక యాభై మీటర్లకు పైగా దూరం వరకు ఎవరూ ఉండకూడదు.

ఇందులో నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి వెనుక ఖాళీ అని కేక వేసే ముందు నేను తల తిప్పి చూశాను కానీ, పొదకు అవతల మావాళ్ళు వదిలేసిన గోనెసంచినీ, నీళ్ళ డబ్బానూ చూడలేదు. గుండు వెళ్ళాక సంచి పేలికలై తుమ్మ కొమ్మలకు వేలాడుతూ కాలుతోంది, డబ్బా కనిపించలేదు. రెండు నిమిషాల ముందు అక్కడే ఒక కుర్రవాడు కూర్చుని బూటు తాడు కట్టుకున్నాడు. అతడు లేచి పక్కకు వెళ్ళింది నా జాగ్రత్త వల్ల కాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తరువాత ప్రతిసారీ నేనే నడిచి వెళ్ళి, పొదల వెనుక కూడా చూసి వచ్చాకే పేల్చడానికి నేల మీద పడుకునేవాణ్ణి.

గదిలోంచి పేల్చితే ఆ మంటా ఒత్తిడీ వెనుక గోడకు కొట్టుకుని పేల్చినవాడి మీదికే తిరిగివస్తాయి. పట్టణాల్లో పోరాటానికి ఇదే పెద్ద అడ్డంకి. అందుకే ఏటీ4లో గదుల్లోంచి వాడదగిన రకానికి గొట్టం వెనుకభాగంలో ఉప్పునీరు నింపుతారు. గుండు ముందుకు పోతుంటే ఆ నీరు వెనుకకు తుంపరలుగా చిమ్ముతుంది, మంట చల్లారుతుంది, ఒత్తిడి నెమ్మదిస్తుంది. ఉప్పు ఎందుకంటే చలిలో నీరు గడ్డకట్టకుండా ఉండడానికి. అయినా ఏ చిన్న గదిలోంచైనా పేల్చవచ్చని దీని అర్థం కాదు. గదికి తగిన కొలత ఉండాలి, వెనుక సామాన్లు ఉండకూడదు, లోపల ఉన్న ప్రతివాడూ చెవులు మూసుకోవాలి.

చెవుల మాట నేను ఊరికే అనడం లేదు. ఆర్‌ఎల్ గొట్టం కుడి చెవి పక్కనే ఉంటుంది. రోజుకు ఇన్ని గుండ్లకు మించి పేల్చకూడదన్న హద్దులు ఉండేవి, దూది పెట్టుకున్నాం కదా అని మేము వాటిని తేలికగా తీసుకున్నాం. ఇప్పుడు కర్నూలు బస్టాండులో మైకులో బస్సు పేరు చెబితే, ఎడమ చెవి అటువైపు తిప్పితే తప్ప ఏ ఊరి బస్సో నాకు తెలియదు.