ఏడిపించినవాడే నేస్తమైతే...

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. ఏడో తరగతి చదువుతున్నాడు. ఒట్టి పుస్తకాల పురుగు. వాళ్ల తరగతిలోనే ఒక అబ్బాయి పోయిన ఏడాదంతా వాణ్ని ఏడిపించాడు. కళ్లజోడు లాక్కుని దాచేవాడు, సైన్సు నోటుబుక్కు చింపాడు, నలుగురిలో పేర్లు పెట్టి వెక్కిరించేవాడు. బడికి వెళ్లనని మావాడు మంచం దిగకుండా ఏడ్చిన రోజులున్నాయి. ఈ ఏడాది టీచరు ఇద్దరినీ కలిపి ఒక సైన్సు నమూనా చేయమన్నారు. అప్పటినుంచి ఒకరిని విడిచి ఒకరు ఉండటం లేదు. సాయంత్రాలు మా ఇంట్లోనే కూర్చుని హోంవర్కు చేసుకుంటున్నారు. మొన్న మావాడి కళ్లజోడు మసకబారితే ఆ పిల్లవాడే తీసి, చొక్కా అంచుతో తుడిచి ఇచ్చాడు. నాకు మాత్రం వాడి ముఖం చూస్తేనే ఒళ్లు మండుతుంది. మావాడు భయంతో వాడి వెంట తిరుగుతున్నాడేమోనని అనుమానం. మావారు ఈ స్నేహం వెంటనే మాన్పించాలంటున్నారు. వాడేమో సెలవుల్లో రెండు రోజులు ఆ అబ్బాయి ఇంట్లో ఉంటానంటున్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: మాన్పించకండి. మీవాడు తనంతట తాను సంపాదించుకున్న స్నేహాన్ని పెద్దవాళ్లు తెంచేస్తే, రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు మీ దగ్గరికి వచ్చి చెప్పుకోవడానికి జంకుతాడు. అయితే మీ అనుమానాన్ని నేను కొట్టిపారేయడం లేదు. ఏడాదిపాటు బిడ్డ కన్నీళ్లు తుడిచిన తల్లికి ఆ అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం.

పిల్లల మధ్య వేధింపుల మీద 1970ల నుంచి పరిశోధన చేసిన డాన్ ఓల్వేయస్ వాటికి మూడు గుర్తులు చెప్పాడు. కావాలని బాధపెట్టడం, అది మళ్లీ మళ్లీ జరగడం, ఇద్దరి బలంలో తేడా ఉండటం. మీరు రాసినదాన్నిబట్టి మొదటి రెండూ ఆగిపోయాయి. తేల్చుకోవాల్సింది మూడోది. బలవంతుడి కోపం తన మీద పడకుండా వాడి పక్కనే చేరి, వాడు చెప్పినదానికల్లా తలూపుతూ రోజులు నెట్టుకొచ్చే పిల్లలుంటారు. పైకి అదీ స్నేహంలాగే కనబడుతుంది. మీవాడు అలా ఉన్నాడా, లేక సమానంగా నిలబడ్డాడా అన్నది ఇంట్లోనే కొంతవరకు గమనించవచ్చు.

మీరు రాసిన కళ్లజోడు సంగతి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒకప్పుడు తన ముఖం మీది నుంచి లాక్కున్న చేయి మళ్లీ అక్కడికే వస్తుంటే మీవాడు ఏం చేశాడు? భుజాలు బిగించాడా, తల వెనక్కి తీసుకున్నాడా, లేక చదువుతున్న పేజీలోంచి చూపు కూడా మరల్చకుండా తీసుకోనిచ్చాడా? ఆ క్షణాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. భయపడే పిల్లవాడు నోటితో ఎంత దాచినా ఒళ్లు దాచదు.

హోంవర్కు పుస్తకాలు కూడా తిరగేయండి. ఆ అబ్బాయి పుస్తకంలో మీవాడి చేతిరాత ఉంటే వెంటనే మాట్లాడాలి. ఆట ఎవరు ఎంచుకుంటున్నారు, ఇంటికి వెళ్లే వేళ ఎవరు నిర్ణయిస్తున్నారు, మీవాడి వస్తువులు గానీ చేతిఖర్చు గానీ తరచూ మాయమవుతున్నాయా అన్నవీ చూడండి. బడికి బయల్దేరే ముందు కడుపునొప్పి, నిద్రలో ఉలికిపాటు తిరిగి మొదలైతే తేలిగ్గా తీసుకోవద్దు.

‘నీకు వాడంటే భయమా?’ అని నేరుగా అడగకండి. ఆ వయసు మగపిల్లవాడు లేదనే అంటాడు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో ‘నువ్వు ఏదైనా వద్దంటే వాడేమంటాడు?’ అని అడిగి చూడండి. జవాబు తడుముకోకుండా వస్తే, అందులో ఒక చిన్న తగాదా కథ కూడా ఉంటే మంచిదే. పోట్లాడుకుని మళ్లీ కలవగలగడం సమానుల మధ్యే సాధ్యం.

ఇంట్లో ఎలా ఉంటున్నాడన్నది సగం సంగతే. తన పాత జట్టు ఎదురుగా ఉన్నప్పుడు ఆ అబ్బాయి మీవాడితో ఎలా ఉంటాడో టీచరును కనుక్కోండి. ఒంటరిగా ఉన్నప్పుడు ప్రాణం పెట్టి, నలుగురి ముందు ముఖం తిప్పుకునేవాడి స్నేహం చివరికి మీ బిడ్డనే గాయపరుస్తుంది. ఈ ఒక్క విషయంలో నేను మీకంటే పట్టుదలగా ఉంటాను.

ఇంతకీ ఇలాంటి స్నేహం ఎలా పుడుతుంది? మీ టీచరు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ మంచి పనే చేశారు. 1954లో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని ఓక్లహోమాలో ఒక వేసవి శిబిరంలో పదకొండు పన్నెండేళ్ల మగపిల్లలను రెండు జట్లు చేసి పోటీ పెట్టాడు. కొద్ది రోజుల్లోనే వాళ్లు బద్ధశత్రువులయ్యారు. కలిపి భోజనం పెట్టినా, కలిపి సినిమా చూపించినా తగవులు తగ్గలేదు. నీళ్ల సరఫరా ఆగిపోయి అందరూ కలిసి బాగుచేయాల్సి వచ్చినప్పుడు, మొరాయించిన ట్రక్కును అందరూ ఒకే తాడుతో లాగాల్సి వచ్చినప్పుడు కోపాలు కరగడం మొదలైంది. పిల్లల్ని కావాలని రెచ్చగొట్టిన ఆ ప్రయోగం పద్ధతి నాకు నచ్చదు. కానీ అది చూపించిన విషయం నేను చాలామంది పిల్లల్లో చూశాను. చేయీ చేయీ కలపమని పెద్దలు ఎంత చెప్పినా కాని పని, ఒకరు లేకుండా మరొకరికి పూర్తికాని పని అప్పగిస్తే అవుతుంది. ఆ నమూనా చేస్తున్నప్పుడు మీవాడి బుర్ర ఆ అబ్బాయికి, ఆ అబ్బాయి చేతి పనితనం మీవాడికి అవసరమై ఉంటాయి. ఏడిపించేవాడికి ఎదుటివాడు మొదటిసారి మనిషిగా కనబడేది అలాంటి చోటే.

వయసు కూడా ఇందుకు తగినదే. టీనేజీకి కాస్త ముందు వచ్చే ఒక్క గాఢమైన స్నేహం పిల్లల మనసును ఎంతగా మలుస్తుందో మనోవైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివన్ వివరంగా చెప్పాడు. ఎదుటివాడి సంతోషం తన సంతోషమంత ముఖ్యమని బిడ్డ నేర్చుకునేది అప్పుడేనంటాడు. మీ ఇంట్లో జరుగుతున్నది అదే అయితే దాన్ని చెరపడానికి నాకు మనసొప్పదు.

ఒక్క జాగ్రత్త. ‘నీ వల్లే వాడు బాగుపడ్డాడు’ అని మీవాణ్ని పొగడకండి. బంధువులనూ అననివ్వకండి. ఆ మాట వింటే, రేపు ఆ అబ్బాయి మళ్లీ ఏడిపించినా తన లోపమేమో అనుకుని నోరు మూసుకుంటాడు. సాటి పిల్లవాణ్ని సంస్కరించే బరువు పన్నెండేళ్ల భుజాల మీద పెట్టకూడదు. అది ఆ అబ్బాయి తల్లిదండ్రులూ బడీ మోయాల్సిన బరువు.

ఇక మీ కోపం గురించి. మీ అబ్బాయి క్షమించాడు కాబట్టి మీరూ క్షమించాలన్న నియమం లేదు. దెబ్బ తిన్నది వాడైనా, రాత్రుళ్లు నిద్ర మానుకున్నది మీరు. ఆ కోపం తగ్గడానికి పట్టేంత కాలం పడుతుంది. ఆ పిల్లవాడితో ప్రేమగా ఉన్నట్టు నటించనక్కర్లేదు. ఇంటికి వచ్చిన పిల్లవాడికి ఇచ్చే పాటి మర్యాద ఇవ్వండి చాలు. పాత సంగతులు ఎత్తి దెప్పడం, వాడు వెళ్లగానే మీవాడి ముందు తిట్టిపోయడం మాత్రం వద్దు. మీవాడు మీకూ వాడికీ మధ్య నలిగిపోతాడు.

చింపిన నోటుబుక్కు గురించి ఆ అబ్బాయి ఎప్పుడైనా మాట్లాడాడా అన్నది మీ ఉత్తరంలో లేదు. పిల్లలు చాలాసార్లు ‘సారీ’ అనకుండానే సర్దుకుపోతారు. మీరు బలవంతంగా చెప్పించవద్దు. వాళ్లలో ఒకరు ఆ ప్రస్తావన తెస్తే మాత్రం ‘పోనీలే’ అని మాట మార్చేయకండి. చెప్పుకోనివ్వండి.

మీవారిది కాఠిన్యం అనుకోకండి. బిడ్డను కాపాడలేకపోయానన్న బాధ చాలామంది తండ్రుల్లో ఇలా ఆజ్ఞల రూపంలోనే బయటికి వస్తుంది. మాన్పించాలా వద్దా అని ఆయనతో వాదించే బదులు, ఒక సాయంత్రం పెందలాడే వచ్చి ఆ ఇద్దరితో కాసేపు కూర్చోమనండి. తర్వాత ఇద్దరూ కలిసి ఒకే మాట మీద నిలబడండి.

సెలవుల్లో రెండు రోజులంటారా, ఈసారికి వద్దు. స్నేహానికి శిక్షగా వద్దనడం లేదు. ఆ ఇల్లు మీకు తెలియదు, అంతే. ఈ కారణమే మీవాడికీ చెప్పండి. ఏడిపించే పిల్లలందరూ ఇంట్లో దెబ్బలు తింటూ పెరిగినవాళ్లని అనుకోవడం పొరపాటు. కొందరి ఇళ్లలో మాత్రం అదీ ఉంటుంది. ముందు ఆ అబ్బాయి పెద్దవాళ్లను కలవండి. ఒక పగలు మీవాణ్ని పంపి, చెప్పిన వేళకు మీరే వెళ్లి తీసుకురండి. ఎప్పుడు ఇంటికి రావాలనిపించినా ఫోను చేయమనండి, కారణం అడగకుండా వస్తామని మాటివ్వండి. ఆ పగలు బాగా గడిచి, ఆ ఇంటి పెద్దల తీరు మీ ఇద్దరికీ నచ్చితే వచ్చే సెలవులకు రాత్రి బస సంగతి ఆలోచించవచ్చు.