‘తీర్పు తీర్చడం’లో ఒకే మాట రెండుసార్లు వచ్చిందా?

సందేహం: మాది చెన్నై, పెరంబూరు. ఆదివారం తెలుగు ఆరాధన ముగిశాక మా అమ్మాయికీ నాకూ చిన్న వాదన వచ్చింది. బైబిల్లో ‘మీరు తీర్పు తీర్చకుడి’ (మత్తయి 7:1) అని ఉంది కదా, తీర్పు అన్నాక మళ్ళీ తీర్చడమెందుకు, ‘తీర్పు ఇవ్వకండి’ అంటే చాలదా అంటుంది. తను మాత్రం రోజుకు పదిసార్లు ‘నన్ను జడ్జ్ చేయకు’ అంటుంది. రెండూ ఒకటేనా? అలాగే దేవుడు మనిషికిచ్చింది ‘స్వేచ్ఛ’ అనాలా, ‘స్వచిత్తం’ అనాలా?

సమాధానం: అమ్మా, మీ అమ్మాయి చెవి చురుకైనదే గానీ తప్పని తేల్చడంలో తొందరపడింది. ఆట ఆడతాం, పాట పాడతాం, మొక్కు మొక్కుతాం. క్రియలోంచి పుట్టిన నామాన్ని మళ్ళీ ఆ క్రియకే కర్మగా చేయడం తెలుగుకు అలవాటు. తీర్పు ఇవ్వడం, చెప్పడం, వెలువరించడం కూడా ఒప్పే. కోర్టు వార్తల్లో అవే స్థిరపడ్డాయి.

మారు, మార్చు, మార్పు ఎలాగో తీరు, తీర్చు, తీర్పు అలాగే. బాకీ తీరుతుంది, దాహం తీరుతుంది. తీరడమంటే ఇక మిగలకపోవడం. తగవు మళ్ళీ లేవకుండా ముగించేవాడు తీర్పరి. ‘వాడింతేలే’ అని ఎవరి గురించైనా అనేసినప్పుడు మనం చేసేదీ అదే. ఆ మనిషి ఇంకా బతికి మారుతూనే ఉంటాడు, మన దగ్గర మాత్రం అతని ఖాతా మూసేశాం.

చెన్నైలో ఉన్నారు కాబట్టి పక్కింటివాళ్ళ పాత తమిళ బైబిల్లో ఈ వచనం చూడండి. అక్కడ ‘దోషులని తీర్చకండి’ అనే అర్థం వస్తుంది. క్రియ మనకూ వాళ్ళకూ ఒకటే, తీర్. ‘దోషులని’ అన్నది వాళ్ళు చేర్చిన మాట. గ్రీకు మూలంలోని ‘క్రినో’కు వేరుచేయడం, నిర్ణయించడం, తీర్పు చెప్పడం అన్నీ అర్థాలే. తెలుగు అనువాదం ఆ విశాలతను అలాగే ఉంచింది. మూలానికి మనదే దగ్గర. అయినా నా ఓటు తమిళానికే. యోహాను 7:24లో ‘న్యాయమైన తీర్పు తీర్చుడి’ అన్నదీ యేసే కదా! మంచిచెడ్డలు చూడొద్దని కాదు, దోషి అని ముద్ర వేయొద్దని తమిళంలో వెంటనే తెలుస్తుంది. మీ అమ్మాయి ‘జడ్జ్ చేయకు’ కూడా అక్కడికే వస్తుంది. ‘నాకు ముద్ర వేయకు’ అంటే సరిపోతుంది.

తనను తాను చూసుకునే చోట మన బైబిలు మాట మారుస్తుంది. మొదటి కొరింథీయులకు 11:31లో ‘మనలను మనమే విమర్శించుకొనినయెడల’ మన మీదికి తీర్పు రాదని ఉంది. గ్రీకులో ఈ విమర్శ, తీర్పు రెండూ ఒకే కుదురు మాటలు. టీవీ చర్చల పుణ్యమా అని విమర్శంటే తిట్టనుకుంటున్నాం గానీ, దాని అసలర్థం బాగా ఆలోచించి పరిశీలించడం. తనను తాను తిట్టుకొమ్మని ఆ వచనం చెప్పడం లేదు.

ఇక స్వేచ్ఛ. స్వ, ఇచ్ఛ కలిస్తే అక్షరాలా ‘తన ఇష్టం’. వాడుకలో మాత్రం పత్రికా స్వేచ్ఛలాగా, ఇంకొకరు అడ్డుకోకపోవడమే అయింది. క్రైస్తవ వేదాంతంలోని చిక్కు ఇది కాదు. రోమీయులకు 7:19లో పౌలు, చేయాలనుకున్న మేలు చేయక వద్దనుకున్న కీడే చేస్తున్నానని వాపోతాడు. బయట అడ్డుకునేవాడు లేడు, అయినా చేతకావడం లేదు. అందుకే ఇక్కడ ‘స్వేచ్ఛ’ చాలదు.

మేలు కీడుల్లో ఏదన్నది మనిషి తానే ఎంచుకోగలగడాన్ని లాటిన్‌లో ‘లిబెరుమ్ అర్బిట్రియుమ్’ అన్నారు. క్రైస్తవ వేదాంతి అగస్టీన్ 4వ శతాబ్దం చివర్లో దీని మీద ఒక గ్రంథమే రాశాడు. అర్బిట్రియుమ్ ‘అర్బిటర్’ అనే మాటలోంచి వచ్చింది, అర్బిటర్ అంటే మన తీర్పరే! పొరుగువాడికి తీర్పు తీర్చడానికి ఎక్కవద్దన్న తీర్పరి పీఠం, తన పనుల విషయంలో మనిషికి ఉందా లేదా అన్నదే వాదమంతా. 1524లో ఎరాస్మస్ అనే క్రైస్తవ పండితుడు ఉందన్నాడు. 1525లో ప్రొటెస్టెంటు సంస్కర్త లూథర్ మనిషి చిత్తం బానిస అని జవాబు రాశాడు.

‘నీ చిత్తము నెరవేరును గాక’ అని రోజూ ప్రార్థించేవాళ్ళకు ‘స్వచిత్తం’ వెంటనే అర్థమవుతుంది, ప్రసంగంలో అదే వాడండి. వ్యాసం రాస్తే మాత్రం ‘స్వతంత్ర చిత్తం’ అనండి. లూథర్ పక్షాన్ని ‘దాస చిత్తం’ అని ఎదురు నిలపవచ్చు. స్వచిత్తానికి ఎదురు పరచిత్తం అవుతుంది, అది వేరే సంగతి.